టార్చ్ పట్టుకున్న ఏడాది

మా అమ్మాయి చదివే బడి పేరులో ప్రపంచమంతా ఉంది, ఆవరణలో మాత్రం పిల్లలు పరుగెత్తడానికి జాగా లేదు. కిషన్‌బాగ్‌లో మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉంటుంది. మూడంతస్తుల భవనం, కింద జనరేటరు, పైన నీళ్ల ట్యాంకు, మధ్యలో ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతులు. సైన్సు ల్యాబు కూడా ఉందని అడ్మిషన్ల కాగితంలో అచ్చు వేశారు. ల్యాబు అంటే గాజు తలుపుల బీరువా. దానికి తాళం. తాళంచెవి ఆఫీసులో. లోపల మైక్రోస్కోపు ఉందని మా అమ్మాయి చెబితే, అందులోంచి ఏం చూశావని అడిగాను. అందులోంచి చూడలేదు, దాన్ని చూశాను అంది.

అలాంటి బడివాళ్లు, మా అమ్మాయి ఏడో తరగతిలోకి వచ్చిన ఏడు, జూన్‌లో తల్లిదండ్రులను పిలిచి ఒక ప్రకటన చేశారు. ఇక మీదట పిల్లలు పుస్తకాలతో కాదు, చేతులతో నేర్చుకుంటారట. చెప్పింది కరస్పాండెంటు. ఆ ఉక్కలో కోటు తొడుక్కొని వచ్చాడు. ‘చేతులతో’ అన్నప్పుడల్లా తన రెండు చేతులూ పైకెత్తి మాకు చూపించాడు. మెత్తగా, ఉంగరాలతో మెరుస్తున్న చేతులు. జన్మలో ఒక్క మేకు కూడా కొట్టినట్టు లేవు. నేను బస్సు డిపోలో ఫిట్టర్‌ని. ఇరవై రెండేళ్లుగా గ్రీజు నా గోళ్ల కింద కాపురం ఉంటోంది. చేతిపని గురించి ఆ మనిషి నాకు అరగంట ఉపన్యాసం చెప్పడం, నేను ప్లాస్టిక్ కుర్చీలో బుద్ధిగా కూర్చొని వినడం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివర్లో సైన్సు మేడం లేచి ఒక సంగతి చెప్పింది. ఏడాదంతా ఈ పనులు సాగుతాయి. ఫిబ్రవరిలో ఒక రోజు పిల్లలందరికీ సామాను ఇచ్చి, ఎవరికి వారు అక్కడికక్కడే ఏదైనా చేసి చూపమంటారు. బాగా చేసిన ఒక్కరిని నగరం అవతలి కొసన జరిగే మూడు రోజుల సైన్సు క్యాంపుకు పంపుతారు. అక్కడ నిజమైన ల్యాబు, నిజమైన పనిముట్లు ఉంటాయట, బీరువాలకు తాళాలు ఉండవట.

మా అమ్మాయి ఏదీ నోరు తెరిచి అడిగే రకం కాదు. పండక్కి బట్టలు కూడా వాళ్లమ్మ ఏది తెస్తే అది తొడుక్కుంటుంది. ఆ సాయంత్రం మాత్రం బడివాళ్లు ఇచ్చిన సర్క్యులర్ కాగితాన్ని మడత విప్పి, తన మంచం పక్క గోడకు అన్నం మెతుకులతో అంటించింది. క్యాంపు అన్న మాట కింద స్కెచ్ పెన్నుతో రెండు గీతలు గీసింది.

“నేను పోత బాపూ దీనికి,” అంది.

“పోతవ్ తియ్యి. ఫిట్టర్ బిడ్డవు, నువ్వు గాక ఇంకెవలు పోతరు?” అన్నాను.

మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ బడిలో చేతిపని తెలిసిన తండ్రిని నేనొక్కణ్నే అని నాకు గట్టి నమ్మకం.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. డిపోలో కొత్తగా చేరినవాడి చేతికి వెంటనే పానా ఇవ్వరు. స్పానర్‌ను మేం పానా అంటాం. కొత్తవాడు బస్సు కింద గుంతలోకి దిగి, ఉస్తాద్ పక్కన నిలబడి లైటు పట్టుకోవాలి. ఉస్తాద్ చెయ్యి ఎటు పోతే వెలుగు అటు పోవాలి. తల నీడ నట్టు మీద పడకూడదు. ఏ నంబరు పానా కావాలో ఆయన అడగకముందే తెలుసుకొని అందించాలి. నేను అలా ఏడాదిన్నర లైటు పట్టుకున్నాను. మా ఉస్తాద్ రోజంతా కలిపి నాతో మాట్లాడేది ఒకే ముక్క, “బత్తీ సీదా పకడ్,” లైటు సూటిగా పట్టు అని. లైటు కదిలితే మోచేత్తో డొక్కలో పొడిచేవాడు. ఏడాదిన్నర తర్వాత ఒక రోజు ఏమీ చెప్పకుండా పానా నా చేతిలో పెట్టి, లైటు తాను తీసుకొని పక్కకు జరిగాడు. అప్పటికి బస్సు అడుగుభాగం నాకు కంఠతా వచ్చేసింది. పని నేర్చుకోవడమంటే అదీ. కోట్లు తొడుక్కున్నవాళ్లు మైకులో చెప్పే నేర్చుకోవడాలు నాకు ఎక్కవు.

కాబట్టి జులైలో బడి నుంచి మొదటి పని వచ్చినప్పుడు నేను మా పద్ధతే పెట్టాను. నీటిచక్రం నమూనా చేసుకురమ్మన్నారు. సముద్రం, మేఘం, కొండ, వాన. మా ఇంట్లో మెట్ల కింద నా సామాను పెట్టుకునే చిన్న జాగా ఉంది. పట్టపగలు కూడా అక్కడ చీకటిగానే ఉంటుంది. అమ్మాయికి టార్చ్ ఇచ్చి పక్కన నిలబెట్టాను.

“నేనేం చెయ్యాలె బాపూ?”

“పట్టుకో. నా చెయ్యి దిక్కు చూడు. లైట్ కదలనియ్యకు.”

రేకు కత్తిరించి, అంచులు చేతులకు కోసుకోకుండా ఆకురాయితో రుద్ది, కొండ చేశాను. చేపల తొట్టికి వాడే సన్న పైపు తెచ్చి, నిజంగానే వాన పడేటట్టు అమర్చాను. మూడు ఆదివారాలు పట్టింది. మూడు ఆదివారాలూ పిల్ల కదలకుండా నిలబడింది. రెండో ఆదివారం సాయంత్రానికే నేను చెయ్యి చాపకముందే కత్తెర అందిస్తోంది. నా ఛాతీ పొంగిపోయింది. మా ఆవిడ బియ్యం ఏరుతూ మా వైపు చూసి, “అది చేస్తున్నదా, నువ్వు చేస్తున్నవా?” అంది. ఆమె ఆసుపత్రిలో ఆయా. ఆయా పని చేసేవాళ్లకు ఫిట్టర్ పని నేర్పే తీరు ఏం తెలుస్తుందిలే అని జవాబు కూడా ఇవ్వలేదు.

నమూనాలు ఇచ్చే రోజు బడి గేటు దగ్గర నిలబడి చూస్తే నవ్వు ఆగలేదు. బడి ఎదురుగా ఉన్న స్టేషనరీ దుకాణంవాడికి ఈ చేతి చదువులతో పండగ వచ్చింది. “ఏ క్లాస్, ఏ మేడం?” అని అడుగుతాడు, లోపలికి పోయి తెచ్చి చేతిలో పెడతాడు. థర్మాకోల్ అగ్నిపర్వతం, థర్మాకోల్ గుండె, థర్మాకోల్ గ్రహాలు. ఆ రోజు సగం తరగతి ఒకే అచ్చులో పోసిన నీటిచక్రాలు మోసుకొచ్చింది. అన్నిట్లోనూ అదే నీలం రంగు, అదే దూది మేఘం, కొండ పక్కన అదే ప్లాస్టిక్ ఆవు. మేడం వాటికి వరుసగా మార్కులు వేసుకుంటూ పోయింది. ఆవు బాగుందని ఒకరిద్దరికి ఎక్కువ కూడా వేసింది.

మా గల్లీ మొదట్లో ఒక సేటు ఉంటాడు. స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం, తాతల నాటి నుంచి అక్కడే పాతుకుపోయిన కుటుంబం. వాళ్లబ్బాయిదీ మా అమ్మాయి తరగతే. సేటు స్కూటర్ మీద నీటిచక్రం డబ్బా పెట్టుకొని కొడుకుతో వచ్చాడు. దుకాణంవాడు అంటించిన చీటీ కూడా డబ్బా మీద అలాగే ఉంది.

“చేసిండ్రా సేటూ, కొన్నరా?” అన్నాను, నలుగురూ వినేటట్టు.

“కొన్నం ఉస్తాద్,” అన్నాడు ఏమాత్రం సిగ్గుపడకుండా. “మీది చేసిందా?”

“చేసిందే. చూడు, వాన పడుతది.”

సేటు వంగి చూశాడు. “మస్తుగున్నది,” అని, మా అమ్మాయి వైపు తిరిగి, “నువ్వేం చేసినవ్ బిడ్డా?” అని అడిగాడు.

“లైట్ పట్టుకున్న అంకుల్.”

“మావోడు డబ్బా పట్టుకున్నడు,” అన్నాడు సేటు.

పిల్లలిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దుకాణంలో వేలు చూపించి తెచ్చుకున్నవాడు, మూడు ఆదివారాలు కూర్చొని చేసినవాడితో సమానంగా మాట్లాడటమేంటని ఆ రోజంతా లోపల్లోపల తిట్టుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన పనులు ఇంకా అన్యాయం. హరిత దినం అని ఒకటి చేశారు. నలభై మంది పిల్లలు కలిసి ఒక మామిడి మొక్క నాటారు. నాటడమంటే, తొట్టిలో ముందే నాటి ఉన్న మొక్కను ఒక్కొక్కరు వచ్చి తాకడం, ఫొటో దిగడం, జరగడం. ఆ తొట్టిలో అంతకుముందు ఏడాది తాకిన మొక్క ఎండిన మోడు ఇంకా ఉంది, దాని పక్కనే దీన్ని దోపారు. పొయ్యి లేని వంట అని మరొకటి. ఉల్లిగడ్డ, టమాట, కొత్తిమీర ఇంట్లో తల్లులు తరిగి డబ్బాల్లో పెట్టి పంపారు, పిల్లలు బడిలో అన్నీ మరమరాల్లో కుమ్మరించి తిన్నారు. వంట వచ్చేసిందని సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. మా ఆవిడ ఆ సర్టిఫికెట్టు చూసి, తరిగింది తాను కాబట్టి దాని మీద తన పేరు రాయమంది.

వినాయక చవితి ముందు మట్టి పని వచ్చింది. ఎవరికి ఇష్టమైనది వాళ్లు చేసుకురావచ్చు, వినాయకుడైనా, పండైనా, పిట్టైనా. మట్టి నా పని కాదు. నాకు ఇనుము కావాలి, కొలత కావాలి. అయినా మంచి మట్టి కావాలంటే ధూల్‌పేట్ పోవాలని తెలుసు కాబట్టి, ఆదివారం పొద్దున అమ్మాయిని బండెక్కించుకొని పోయాను. రోడ్డుకు రెండు పక్కలా రంగులు పడని వినాయకులు వరుసగా నిలబడి ఉన్నారు. ఒక షెడ్డులో ఒక పెద్దావిడ చిన్న విగ్రహాలకు చెవులు అతుకుతోంది. కాస్త మట్టి కావాలన్నాను.

“కిస్కే వాస్తే?” అంది.

మా బిడ్డ బడి కోసం అని చెప్పి చెయ్యి చాపాను. ఆమె తడి ముద్ద ఒకటి తీసి, నా చేతిని పక్కకు నెట్టి, పిల్ల చేతిలో పెట్టింది. “తూ బనా,” నువ్వే చెయ్యి, అంది. ఇక నా ముఖం కూడా చూడలేదు. అక్కడే గోనెసంచి పరిచి పిల్లను కూర్చోబెట్టుకుంది.

నేను బయటికి పోయి చాయ్ తాగి, ఇంకో చాయ్ కూడా తాగి వచ్చేసరికి మా అమ్మాయి ఒక వినాయకుణ్ని చేసింది. తొండం లావు, ఒక చెవి పెద్ద, ఇంకో చెవి చిన్న, పొట్ట ఒక పక్కకు ఒరిగింది. పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తల ఊపింది. ఎక్కడా చెయ్యి పెట్టలేదు. ఏళ్ల తరబడి విగ్రహాలు చేసే మనిషికి ఆ వంకర కనబడలేదా అని నాకు ఆశ్చర్యం. అమ్మాయి దారంతా బొమ్మను ఒళ్లో పెట్టుకొని మాట్లాడుతూనే ఉంది. మట్టిలో నీళ్లు ఎక్కువైతే ఏమవుతుందో, చెవి ఎందుకు ఊడిందో, పుల్ల గుచ్చి ఎలా నిలబెట్టిందో. అన్ని మాటలు ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు.

ఇంటికి వచ్చాక నేను దాన్ని దిద్దాను. తొండం సన్నం చేశాను. చెవులు కొలిచి సమానం చేశాను. పొట్టను స్కేలు ఆనించి నిటారుగా నిలబెట్టాను. వంకర కనబడితే నా చెయ్యి ఊరుకోదు, అది నా స్వభావం. అమ్మాయి కాసేపు చూసింది. తర్వాత లోపలికి పోయి టార్చ్ తెచ్చి పట్టుకుంది. ఎవరూ అడగలేదు. బడిలో దానికి ‘ఎక్సలెంట్’ అని రాసి నక్షత్రం అంటించారు. పండక్కి అందరూ తమ బొమ్మలు ఇంటికి తెచ్చుకున్నారు, మా అమ్మాయి తెచ్చుకోలేదు. మరచిపోయిందనుకున్నాను.

నవంబరులో సైన్సు ఫెయిర్. నేను బస్సు తలుపు చేశాను. డ్రైవరు మీట నొక్కితే గాలి ఒత్తిడితో తెరుచుకునే తలుపు, అచ్చం అలాంటిది, మూరెడు ఎత్తు. తుక్కు దుకాణంలో ఏరుకొచ్చిన అల్యూమినియం పట్టీలు, రెండు సిరంజీలు, సన్న పైపు, ఎనిమిది నంబరు నట్లు. అమ్మాయి ఆరు ఆదివారాలు టార్చ్ పట్టుకుంది. ఇప్పుడు ఆమె నాకు ఏ నంబరు కావాలో నాకంటే ముందే తెలుసుకునేది. నేను నట్టు వైపు చూస్తే చాలు, ఎనిమిది నా అరచేతిలో ఉండేది. మా డిపోలో అంత చురుకైన కొత్తవాణ్ని నేను చూడలేదు. ఆ మాట ఆమెతో అన్నాను కూడా. ముఖం వెలిగిపోయింది.

ఫెయిర్‌లో జడ్జీలు అడిగిన ప్రతిదానికీ గడగడా చెప్పింది. గాలి ఎటు పోతుందో, తలుపు ఎందుకు మడుచుకుంటుందో, పైపు ఊడితే ఏమవుతుందో. ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. ఫొటోలో మా అమ్మాయి కప్పు పట్టుకొని ఉంటే, నేను తలుపు పట్టుకొని ఉన్నాను. పక్క బల్ల మీద సేటు కొడుకు అగ్నిపర్వతం నురగ కక్కడం మానేసి వెనిగర్ వాసన కొడుతోంది. దాని పక్కన జల్‌పల్లి నుంచి వచ్చే ఒక అమ్మాయి అట్టపెట్టెతో బస్సు చేసింది. తల్లీదండ్రీ ఇద్దరూ తెల్లారకముందే కూలిపనికి పోతారట, ఇంట్లో ఆ పిల్ల పని చూసేవాళ్లు లేరు. సీసా మూతల చక్రాలు, అందులో ఒకటి మిగతా వాటికంటే చిన్నది. నెడితే బస్సు గుండ్రంగా తిరుగుతోంది. “ఏందమ్మా, నీ బస్సుకు ఇంటికి పోయే తొవ్వ తెల్వదా?” అని నేనంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. బస్సును తిరగేసి చిన్న చక్రం వైపు చూసుకుంటూ నిలబడింది.

డిసెంబరులో మార్కుల కాగితాలు ఇచ్చే రోజు సైన్సు మేడం నన్ను ఆపింది. ఆమె స్క్రూడ్రైవరు పట్టుకునే తీరు నేను ఫెయిర్‌లో చూశాను, ఉప్మా తినే చెంచా పట్టుకున్నట్టు. అలాంటి మనిషి నాకు పని గురించి చెప్పబోయింది.

“అన్నా, ఒక మాట. ఇకనన్న పాపను చెయ్యనియ్యుండ్రి.”

“చేస్తది మేడం. ముందు చూసుడు నేర్చుకోవాలె. మా పనిల గట్లనే. నేను ఏడాదిన్నర లైట్ పట్టుకున్న.”

“మీరు దినాం పొద్దుగాలకెల్లి పొద్దుగూకేదాక పట్టుకున్నరన్నా. పాప ఆదివారం ఆదివారం పట్టుకుంటున్నది. గిట్లయితే ఎన్నేండ్లకు వస్తది దాని వంతు? ఫిబ్రవరి దగ్గర పడ్డది.”

“మీరు ఫికర్ జెయ్యకుండ్రి,” అని కాగితం తీసుకొని వచ్చేశాను. ఇంటికి వచ్చి మా ఆవిడతో ఆ మేడంను చాలాసేపు వెక్కిరించాను. లెక్కలు చెబుతుంది నాకు, బీరువా తాళం తీయడం చేతకాదు గానీ, అన్నాను. మా ఆవిడ నవ్వలేదు. అమ్మాయి గోడకు అంటించిన సర్క్యులర్ ఒక మూల లేచిపోతే, మళ్లీ మెతుకులు పెట్టి అదుముతోంది.

ఫిబ్రవరిలో ఆ రోజు వచ్చింది. నేను డిపోలో సెలవు పెట్టాను. పిల్లలను పై అంతస్తులో పెద్ద గదిలో నేల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందు ఒక ట్రే పెట్టారు. అట్టముక్కలు, పుల్లలు, సీసా మూతలు, రబ్బరు బ్యాండ్లు, బెలూను, టేపు, కత్తెర, చిన్న బ్యాటరీ, బల్బు, రెండు వైర్లు. కదిలేదో వెలిగేదో ఏదైనా ఒకటి చేయాలి. గంట సమయం. తల్లిదండ్రులు వరండాలో, కిటికీ ఊచల ఇవతల. అందరం గేదెల సంతలో లాగా ఒకరి మీద ఒకరం పడి చూస్తున్నాం. నేను మాత్రం దర్జాగా వెనక నిలబడ్డాను. నా బిడ్డ గురించి నాకు బెంగ ఏముంది?

పది నిమిషాల తర్వాత ముందుకు వచ్చి చూశాను. మా అమ్మాయి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉంది. ట్రేలో ఒక్క వస్తువూ కదలలేదు. ఆలోచిస్తోందనుకున్నాను. పావుగంట అయింది. ఆమె ట్రే వైపు చూస్తోంది, తలుపు వైపు చూస్తోంది, మళ్లీ ట్రే వైపు చూస్తోంది. ఎదుటివాడు చెయ్యి చాపుతాడేమో అని కాచుకున్నట్టు అరచెయ్యి కొంచెం లేపి పెట్టుకుంది. ఆ చెయ్యి నాకు తెలుసు. ఏడాదంతా నా పక్కన అలాగే లేచి ఉండేది. వైర్ తియ్యి, బల్బుకు పెట్టు, అంతే కదా అని ఊచల్లోంచి అరవబోయి, నలుగురిలో పరువు పోతుందని నోరు మూసుకున్నాను. అప్పుడు కూడా నాకు నా పరువే గుర్తొచ్చింది.

ఆమె పక్క వరుసలో సేటు కొడుకు బెలూనుతో నడిచే బండి చేయబోతున్నాడు. జన్మలో కత్తెర పట్టినవాడిలా లేడు. అట్ట ఒక చేత్తో పట్టుకుంటే పుల్ల జారిపోతోంది, పుల్ల పట్టుకుంటే అట్ట మడతపడుతోంది. మా అమ్మాయి కాసేపు వాణ్ని చూసింది. తర్వాత లేచి వాడి పక్కన కూర్చొని, అట్టను రెండు అరచేతుల మధ్య నిలబెట్టి పట్టుకుంది.

మేడం గబగబా వచ్చింది. “నీ జాగల కూసో బిడ్డా. ఎవరిది వాళ్లే చెయ్యాలె.”

“నాకు చేసుడు రాదు మేడం,” అంది మా అమ్మాయి. మామూలుగానే అంది, ఏడుపేమీ లేదు. “పట్టుకునుడే వస్తది.”

మేడం కిటికీ వైపు చూసింది. వరండాలో అంతమందిలో నన్ను వెతికి పట్టుకొని చూసింది. తర్వాత పక్కకు పోయింది.

మిగిలిన సమయమంతా నేను నా బిడ్డ పనితనం చూశాను. వాడు పుల్ల గుచ్చేటప్పుడు అట్ట వెంట్రుకవాసి కదలలేదు. కిటికీ వెలుగు వాడి చేతుల మీద పడేటట్టు తన తలను పక్కకు వంచింది. వాడు టేపు కోసం వెతక్కముందే టేపు ముక్క చించి వేలి కొసన సిద్ధంగా పెట్టింది. వాడు మూతలు తప్పు చోట పెడుతుంటే చూస్తూ ఊరుకుంది. ఉస్తాద్‌కు ఎదురు చెప్పకూడదు కదా. నా పక్కన నిలబడ్డ సేటు కూడా అదంతా చూశాడు. చివరికి, “మస్తు నేర్పినవ్ ఉస్తాద్,” అన్నాడు. వెక్కిరిస్తున్నాడా అని ముఖం చూశాను. వెక్కిరించడం లేదు. వెక్కిరించి ఉంటే నాకు తేలికగా ఉండేది, నాలుగు తిట్టి పోయేవాణ్ని.

సేటు కొడుకు బండి రెండడుగులు పోయి బోర్లా పడింది. క్యాంపుకు ఎంపికైంది జల్‌పల్లి అమ్మాయి. ఈసారి ఆమె ట్రేలోని మూతలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, సమానంగా ఉన్న నాలుగు ఏరుకున్నాకే బండి మొదలుపెట్టింది. అది గది ఈ కొస నుంచి ఆ కొసకు సూటిగా పోయి గోడకు తగిలి ఆగింది. ఆమెవాళ్లెవరూ వరండాలో లేరు. నవంబరులో ఆ పిల్లను చూసి అంతమందిని నవ్వించిన నేను చప్పట్లు కొట్టానా లేదా గుర్తు లేదు. కొట్టి ఉండను.

బండి మీద ఇంటికి బయలుదేరాం. నెత్తి మీద ఎండ, ముందు ఆటోలు, హారన్లు.

“ఏమైంది బిడ్డా?” అన్నాను.

“ముందుగాల ఏది తీస్కోవాల్నో తెల్వలే బాపూ,” అంది వెనక నుంచి. “నువ్వైతే చెయ్యి చాపుతవ్ గద, అప్పుడు నాకు తెలుస్తది.”

తర్వాత, “పట్టుకునుడైతే మంచిగనే పట్టుకున్న, చూసినవా?” అని అడిగింది.

చూశానన్నాను. ఆ ఏడాదంతా నేను ఎంతమందిని చూసి నవ్వానో వరుసగా గుర్తొచ్చింది. కోటు వేసుకున్నాయన, ఆవు బొమ్మ దుకాణంవాడు, సేటు, మేడం, నా భార్య. సేటు కనీసం కొన్నానని చెప్పాడు. నేను పిల్ల పని మొత్తం లాక్కొని, దానికి పద్ధతి అని పేరు పెట్టుకున్నాను. పైగా మా ఉస్తాద్‌ను సాక్ష్యానికి తెచ్చుకున్నాను. ఆయన ఒక రోజు లైటు తన చేతిలోకి తీసుకున్న సంగతి మాత్రం వదిలేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చాక ఆమె గోడ మీది సర్క్యులర్ పీకేసింది. మెతుకుల మచ్చలు నాలుగు అలాగే మిగిలాయి.

తర్వాతి ఆదివారం పొద్దున ఆమెను మెట్ల కిందికి పిలిచాను. పానాల డబ్బా ఆమె ముందు పెట్టి, టార్చ్ నేను తీసుకున్నాను.

“ఏం చెయ్యాలె?” అంది.

“నీ ఇష్టం.”

నమ్మనట్టు చూసింది. చాలాసేపు నిలబడింది. నాకు నోటి దాకా పది సలహాలు వచ్చాయి. వాటిని మింగడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. చివరికి ఆమె అరల మీదికి చెయ్యి పెట్టి, ఫస్ట్ ప్రైజ్ వచ్చిన నా బస్సు తలుపును దించింది. దాని మీద రిబ్బను ఇంకా ఉంది.

“దీన్ని ఇప్పుత,” అంది.

ఆరు ఆదివారాల పని. “ఇప్పు,” అన్నాను.

డబ్బాలోంచి పది నంబరు పానా తీసింది. ఇన్నాళ్లూ నాకు ఎనిమిది తప్పకుండా అందించిన పిల్ల, తన చేతికి వచ్చేసరికి పది తీసింది. వదులుగా పెట్టి తిప్పింది. అదీ బిగించే వైపుకు తిప్పింది. పానా జారింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. నట్టు మూలలు అరిగిపోతున్న చప్పుడు నాకు వినబడుతోంది. నా రెండో చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

ఆమె తలెత్తలేదు.

“లైట్ కదులుతున్నది బాపూ,” అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎనిమిది నంబరు పానా ఏరి నా అరచేతిలో సిద్ధంగా పెట్టుకొని, టార్చ్ సూటిగా పట్టుకొని, ఆమె చెయ్యి చాపుతుందేమోనని నిలబడ్డాను. చాలాసేపు చాపలేదు.